ఫ్రేములో పట్టని అహ్లోన్

మా హాల్లో ఒక గోడ బోసిగా ఉందని పోయినేడు పాత పటం ఒకటి కొనాలనుకున్నాం. ఈమధ్య మనవాళ్ళ ఇళ్ళలో ఇదొక సరదా. గోల్కొండ, మచిలీపట్నం కనిపించే డచ్చివాళ్ళ పటాలకు నకళ్ళు దొరుకుతున్నాయి, ముచ్చటగానే ఉంటాయి. నేను మాత్రం 1910ల నాటి రంగూన్ పటం ఎంచుకున్నాను. మా అమ్మ 1936లో అక్కడే, ఊరికి పడమర నది ఒడ్డునున్న అహ్లోన్‌లో పుట్టింది. తాతగారు కలప కోత మిల్లులో పని చేసేవారు. మా ఊళ్ళో రంగూన్ అనే మాటే లేదు, అందరికీ అది 'రంగం'.

పటం వచ్చింది. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు వెతికి, "ఊరంతా ఉందిరా, మేమే లేం" అంది. నిజమే. లాన్మడో దాటేసరికి పటం ఆగిపోయింది. అమ్మినవాళ్ళు ఫ్రేము కొలతకు సరిపోవాలని అంచు కోసేశారు.

ఇంగ్లీషువాళ్ళు 1852 యుద్ధంలో రంగూన్ పట్టుకున్నాక, మాంట్‌గొమరీ, ఫ్రేజర్ అనే ఇద్దరి ఆలోచన ప్రకారం గళ్ళనుడికట్టులా వీధులు వేశారు. వాళ్ళ పేర్లూ, గవర్నర్ జనరల్ డల్హౌసీ పేరూ పెద్ద వీధులకు పెట్టారు. స్వతంత్రం వచ్చాక అవి బోజో ఆంగ్ సాన్, అనోరథ, మహాబందూల రోడ్లయ్యాయి. మీ ఇంట్లో పాత ఉత్తరం మీద డల్హౌసీ వీధి అని ఉంటే, దాని చోటు తెలుసుకోవడానికి ఇలాంటి పటమే దిక్కు.

ఆ ఊరు నడిచింది మనవాళ్ళ రెక్కల మీద. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల్లో స్టీమరెక్కి వెళ్ళి ఓడల్లో బరువులు మోశారు, ధాన్యం మిల్లుల్లో చేశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను కోరంగీలనేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతకు ముందు ఏడాదే, 1930 మే నెలలో, తెలుగు ఓడరేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ బదులు బర్మావాళ్ళను పెట్టుకున్నారు. సమ్మె తీరాక వాళ్ళను పొమ్మన్నారు. దానిమీద లేచిన కొట్లాటలో వందమందికి పైగా పోయారు. 1937లో బర్మాను ఇండియానుంచి విడదీశారు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి.

మా వాళ్ళకు ఓడ టిక్కెట్లు దొరకలేదు. అరకాన్ కొండల దారిన నడిచారు. తాతగారు దారిలో కలరాతో పోయారు. ఆయనకు ఫోటో లేదు, సమాధి లేదు. తిథి తెలియక మహాలయ అమావాస్యనాడే తలుచుకుంటాం. అందుకే ఆ కోసేసిన అంచు అమ్మకు అలంకారం సంగతి కాదు.

మీరూ కొనబోతే నాలా మోసపోకండి. మార్జిన్లతో సహా పూర్తి కాగితం కావాలని అడగండి. ఏ సంవత్సరం పటమో, అసలు ఏ పుస్తకంలోనిదో కనుక్కోండి. అంగుళానికి 300 చుక్కలు పడాలి, అంటే 24 అంగుళాల వెడల్పుకు 7200 చుక్కల స్కాన్ ఉండాలి. లేకపోతే చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి. పాతగా కనబడాలని గోధుమరంగు పులిమినవి వద్దు. ఆమ్లం లేని కాగితమైతే మన్నుతుంది. ఎండపడే గోడ పనికిరాదు.

రెండోసారి పూర్తి పటం తెప్పించి, దాని కొలతకే ఫ్రేము కట్టించాం. అందులో అహ్లోన్ ఉంది, నది ఉంది, ఒడ్డున మిల్లులున్నాయి. కూలీలుండే వరస ఇళ్ళు మాత్రం లేవు. కొలిచినవాళ్ళకు వాటితో పనిలేదు కాబోలు. అమ్మ మిల్లుల వెనక ఖాళీ చోట వేలు పెట్టి, "ఇక్కడే" అంది.

అద్దం మీద ఏ గుర్తూ పెట్టలేదు. వెనక అట్ట మీద తాతగారి పేరూ, ఊరూ, ఆయన వెళ్ళిన రేవూ తెలుగులో రాయించాను. అమ్మ దగ్గరుండి చెప్పింది, మా అబ్బాయి కూడబలుక్కుంటూ రాశాడు.