మీటరులో చివరి అంకె

ఊళ్లోకి కొత్త బండి వచ్చిందంటే పిల్లలం చుట్టూ మూగి ముందుగా చూసేది మీటరే. అద్దం మీది దుమ్ము వేలితో తుడిచి, చివర ఏ అంకె ఉందో చదివేవాళ్లం. 120 ఉంటే 120 పోతుంది, 160 ఉంటే 160 పోతుంది. మా లెక్కలో అందులో అనుమానానికి చోటు లేదు. పెద్దవాళ్లు మాత్రం బండాయన్ని వేరే సంగతి అడిగేవారు: "దార్లో ఎక్కడా ఆగిపోదు గదా?"

మోటార్‌సైకిల్ చరిత్రంతా ఈ రెండు ప్రశ్నల మధ్యే నడిచింది. ఒకటి గరిష్ఠ వేగం. ఖాళీ రోడ్డు మీద, గాలి వెనక నుంచి వీస్తూ, యాక్సిలరేటర్ ఆఖరి దాకా తిప్పితే ఒక్క నిమిషం పాటు అందేది. రెండోది నిలకడ వేగం. పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా ఏదీ విరగకుండా, ఏదీ పట్టేయకుండా పోగలిగేది. పాత బండ్లలో ఈ రెండింటికీ మధ్య బోలెడంత ఎడం ఉండేది. పోస్టర్ల మీద మొదటి అంకె వేసేవారు, బతుకు రెండో అంకెతో సాగేది.

వంద మైళ్ల హామీ

వేగాన్ని హామీగా రాసిచ్చి అమ్మిన తొలి రోజుల బండ్లలో ఇంగ్లండు వారి బ్రఫ్ సుపీరియర్ ఎస్‌ఎస్100 పేరు ముందు చెప్పాలి. 1924లో వచ్చిన ఈ బండి గంటకు 100 మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు పోతుందని కంపెనీయే పూచీ పడేది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935లో ప్రమాదానికి గురై చనిపోయింది బ్రఫ్ మీద నుంచి పడే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వేగపు సింహాసనం విన్సెంట్ కంపెనీకి దక్కింది. 998 సీసీ, 55 హార్స్‌పవర్ ఉన్న బ్లాక్ షాడో 1948లో వచ్చింది. గంటకు 125 మైళ్లు దాని వేగం. హ్యాండిల్ మీద పళ్లెమంత మీటరు, దాని మీద అంకెలు 150 దాకా. అదే ఏడాది సెప్టెంబరులో రోలీ ఫ్రీ అనే అమెరికన్ రేసర్, ప్రత్యేకంగా తయారుచేసిన విన్సెంట్ మీద బాన్‌విల్ ఉప్పు మైదానంలో 150 మైళ్లు దాటించాడు. గాలి పట్టకుండా ఒంటి మీద ఈత నిక్కరు తప్ప దాదాపు అన్నీ విప్పేసి, బండి మీద బోర్లా పడుకుని, కాళ్లు వెనక్కి చాపి నడిపాడు.

నవ్వొచ్చే ఆ భంగిమ వెనక గట్టి లెక్క ఉంది. వేగం పెరిగేకొద్దీ గాలి గోడలా అడ్డుపడుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఆ గాలిని చీల్చడానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. 80లో హాయిగా పోయే ఇంజను 110 పోవాలంటే రెండున్నర రెట్ల శక్తి పెట్టాలి. అంటే చివరి 30 కిలోమీటర్ల కోసమే ఇంజను తన సత్తువలో సగానికి పైగా ధారపోస్తుంది. పాత ఇంజన్లు చెడింది ఎక్కువగా ఆ చివరి ముప్పైలోనే.

రోడ్డు బాగుపడితే బండి బయటపడింది

1959 మోటార్‌సైకిల్ చరిత్రలో విచిత్రమైన ఏడాది. బ్రిటిష్ కంపెనీ ట్రయంఫ్ తన 650 సీసీ బాన్‌విల్‌ను మార్కెట్లోకి తెచ్చింది. టి120 అని పేరు. 120 మైళ్ల వేగాన్ని పేరులోనే పెట్టుకుంది గానీ, మామూలుగా కొన్న బండితో ఆ అంకె అందుకున్నవారు అరుదు. అదే ఏడాది నవంబరులో ఇంగ్లండులో ఎం1 మోటార్‌వే తెరిచారు. మలుపుల్లేవు, కూడళ్లు లేవు, మొదట్లో వేగానికి పరిమితీ లేదు.

అంతవరకు బ్రిటిష్ బండ్లను వాటి రోడ్లే కాపాడాయి. మలుపు దగ్గర, ఊరి దగ్గర, ట్రాక్టరు వెనక వేగం తగ్గించక తప్పేది కాదు. ఆ కాసేపట్లో ఇంజను చల్లబడేది, చమురు పల్చబడిపోకుండా నిలిచేది. మోటార్‌వే మీద ఆ విశ్రాంతి పోయింది. అరగంట పాటు యాక్సిలరేటర్ ఆఖరి దాకా పట్టుకుంటే ఏమవుతుందో కార్లవాళ్లకూ బండ్లవాళ్లకూ అప్పుడే తెలిసొచ్చింది.

బ్రిటిష్ ఇంజన్ల పొట్ట (క్రాంక్‌కేస్) నిలువునా రెండు చెక్కలుగా ఉండేది. ఆ అతుకు అడుగు దాకా నూనెలో నానుతూ ఉంటుంది గనక, కదలికకు ఏ మాత్రం వదులైనా చమురు కారేది. పెద్ద జంట సిలిండర్ల అదురుకు బోల్టులు సడలేవి, బల్బుల్లో తీగలు తెగేవి.

సరిగ్గా అదే 1959లో హోండా అనే జపాన్ కంపెనీ తొలిసారి ఐల్ ఆఫ్ మ్యాన్ పందేలకు వచ్చింది. 125 సీసీ బండ్లతో వచ్చి, గెలవలేదు గానీ 6, 7, 8 స్థానాల్లో గమ్యం చేరి టీమ్ బహుమతి పట్టుకుపోయింది. మొదటి రాకలోనే వాళ్లు చూపించింది వేగం కన్నా ముందు చివరి దాకా నిలబడడం. రెండేళ్లకు, 1961లో అదే పందేల్లో మైక్ హెయిల్‌వుడ్ అనే రేసర్ హోండాల మీద 125, 250 రెండు తరగతులూ గెలిచాడు. 1969లో సీబీ750 వచ్చింది. 736 సీసీ, నాలుగు సిలిండర్లు, 67 హార్స్‌పవర్, ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, బటన్ నొక్కితే స్టార్టు. ఇంజను పొట్టను అడ్డంగా చీల్చారు గనక నిలువు అతుకు బాధ తప్పింది. దాదాపు 200 కిలోమీటర్ల వేగాన్ని ఇంట్లో పనిముట్టులా నమ్మగలిగే రూపంలో ఇచ్చిన బండి అది.

మన దగ్గర: ఆపింది రోడ్డు, కాచిందీ రోడ్డే

మన దేశంలో కథ మద్రాసు శివార్లలోని తిరువొత్తియూరులో మొదలైంది. 1955లో మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. ఇంగ్లండులో అసలు కంపెనీ మూతపడ్డా ఇక్కడ బుల్లెట్ 350 అదే ఇంజనుతో దశాబ్దాల పాటు వస్తూనే ఉండింది. 346 సీసీ, 18 హార్స్‌పవర్, పోత ఇనుము సిలిండరు.

ఆ బండి స్టార్టు చేయడం ఒక క్రతువు. తాళం తిప్పి, కిక్కును మెల్లగా నొక్కుతూ ఆంపియర్ మీటరు ముల్లును చూడాలి. ముల్లు మధ్యకు వచ్చాక డీకంప్రెషన్ లివరు పట్టి, పిస్టన్‌ను పై మెట్టు దాటించి, లివరు వదిలి అప్పుడు తన్నాలి. తొందరపడితే కిక్కు ఎదురు తంతుంది. చీలమండ వాచిన తర్వాతే చాలామందికి ఈ వరుస ఒంటబట్టింది.

బుల్లెట్ గట్టిగా తిప్పితే 110 దాకా పోయేది. కానీ దాన్ని ఎరిగినవాళ్లు 70, 80 మధ్యే ఉంచేవారు. ఎందుకో తెలియాలంటే పిస్టన్ ఎంత దూరం పరుగెడుతుందో చూడాలి. బుల్లెట్ పిస్టన్ ఒక్కో తోపుకు 90 మిల్లీమీటర్లు కదులుతుంది. ఇంజను నిమిషానికి 5,500 చుట్లు తిరిగితే పిస్టన్ సగటున సెకనుకు 16.5 మీటర్ల వేగంతో కిందికీ పైకీ పరుగెత్తాలి. 50 మిల్లీమీటర్ల తోపు ఉన్న ఒక 100 సీసీ బండి 7,500 చుట్లు తిరిగినా దాని పిస్టన్ వేగం 12.5 మీటర్లే. గీ పెట్టే చిన్న బండి అలిసిపోతోందని, దబ్‌దబ్‌మనే పెద్ద బండి తాపీగా ఉందని చెవి చెప్పేది. రెండింటినీ ఆఖరి దాకా ఉరికిస్తే నిజం తలకిందులు. దానికి తోడు పాత బుల్లెట్‌లో కనెక్టింగ్ రాడ్డు కింది కన్నులో తిరిగేది రోలర్ బేరింగు కాదు, ఒక బుష్షు. దానికి చమురు అందించే పంపు కూడా అంతంత మాత్రమే. తాపీగా పోయినంత కాలం ఆ జోడీకి తిరుగు లేదు. గంటల తరబడి తరిమితే బుష్షు అరిగేది.

ఆ రోజుల్లో అలా తరమడానికి దారే లేదు. మద్రాసు నుంచి విశాఖ దాకా ఒకే వరుస రోడ్డు. ఎద్దుబండి, లారీ, ఆరబోసిన వడ్లు, ప్రతి పది కిలోమీటర్లకూ ఒక ఊరు. ఇంగ్లండు పల్లె దారి అక్కడ చేసిన ఉపకారమే మన గుంతల రోడ్డు ఇక్కడా చేసింది. పోనివ్వకుండా ఆపి కాపాడింది. మిగిలిన కాపలా టీ దుకాణాలది. అరవై కిలోమీటర్లకు ఒకసారి చింతచెట్టు నీడలో బండి ఆపి, టీ తాగి, ఇంజను రెక్కల వేడి చేతికి తగలనంతగా తగ్గాక మళ్లీ ఎక్కడం ఆ తరానికి అలవాటు.

నూనె కలిపిన పెట్రోలు

1961లో మైసూరులో ఐడియల్ జావా మొదలైంది. ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ కంపెనీ పోలండు నమూనాతో 173 సీసీ రాజ్‌దూత్ తయారుచేసింది. రెండూ టూస్ట్రోక్ బండ్లే. వాల్వులు లేవు, క్యామ్ లేదు, టప్పెట్లు లేవు. లోపల కదిలే సామాను పిస్టన్, రాడ్డు, క్రాంకు, అంతే. చెడడానికి పెద్దగా ఏమీ లేదు గనక పల్లెలు వాటిని నమ్మాయి. జావాలో అయితే గేరు మార్చే లివరునే లోపలికి నొక్కి తిప్పితే కిక్కయ్యేది.

సుఖం అక్కడితో సరి. ఇంజనుకు అందే చమురంతా పెట్రోల్లో కలిపిందే. బంకులో లీటరుకు 40, 50 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కొలిచి పోయించి, బండిని అటూ ఇటూ ఊపి కలిపేవారు. ఎక్కువైతే ప్లగ్గు మూతి మీద మసి పేరుకుని కరెంటు ఆగేది. అందుకే గుడ్డలో చుట్టిన ఇంకో ప్లగ్గు, గరుకు కాగితం ముక్క, ప్లగ్గు స్పానరు లేకుండా పొరుగూరికి ఎవరూ బయల్దేరేవారు కారు. తక్కువైతే పిస్టన్ పట్టేసేది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంకో చిక్కు. యాక్సిలరేటర్ మూసేస్తే పెట్రోలుతో పాటు చమురూ ఆగిపోతుంది, చక్రాలు మాత్రం ఇంజనును తిప్పుతూనే ఉంటాయి. తిరుమల కొండ దిగుతున్న పాత జావా ఆసామి మధ్యమధ్య ఊరికే యాక్సిలరేటర్ తిప్పి వదలడం, రెండు వేళ్లు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచడం అందుకే. ఇంజను పట్టేసిన క్షణంలో క్లచ్ నొక్కకపోతే వెనక చక్రం బిగుసుకుని మనిషి రోడ్డు మీద ఉంటాడు.

ఈ బండ్ల నమ్మకానికి నిజమైన ఆధారం వేరే ఉంది. పరిశ్రమలకు లైసెన్సు పరిమితులున్న కాలంలో ముప్పై ఏళ్లు అవే నాలుగు బండ్లు తిరిగాయి గనక ప్రతి ఊళ్లో మెకానిక్‌కు వాటి లోపలి భాగాలు కళ్లు మూసుకున్నా తెలుసు. ఇగ్నిషన్ పాయింట్ల ఎడం రోడ్డు పక్కనే సరిచేయొచ్చు. బోరు అరిగితే లేతు మీద తొలిపించి ఓవర్‌సైజు పిస్టన్ వేయొచ్చు. చెడిపోకపోవడం ఒక నమ్మకం. చెడితే ఎక్కడైనా బాగుపడడం ఇంకో నమ్మకం. పాత బండ్లు ఈ రెండో దాని మీదే బతికాయి.

ఎనభైల తరం: రెండు దారులు

1983లో ఎస్కార్ట్స్ యమహా ఆర్‌డీ350ని రాజ్‌దూత్ పేరుతో తెచ్చింది. రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. హై టార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్. బుల్లెట్ సైజు ఇంజనే, శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే. 150 ఛాయలకు పోగల బండి. కానీ ఆపడానికి ఉన్నవి డ్రమ్ము బ్రేకులు, తాగే పెట్రోలుకు అంతు లేదు, సామాను ఖరీదు. దశాబ్దం తిరిగేసరికి తెరమరుగైంది.

1985లో యమహా ఆర్‌ఎక్స్100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, సుమారు వంద కిలోల బరువు. చమురును పెట్రోల్లో కలిపే బాధ లేదు, దానికి వేరే ట్యాంకు, వేరే పంపు. అదే ఏడాది హీరో హోండా సీడీ100 వచ్చింది. 97 సీసీ, ఫోర్‌స్ట్రోక్, ఆర్‌ఎక్స్ కన్నా తక్కువ శక్తి. గట్టిగా పోతే 80, 85. ఆర్‌ఎక్స్ కుర్రాళ్లు దాన్ని చూసి నవ్వేవారు.

కానీ ఆ 80లోనే ఓ రహస్యం ఉంది. సీడీ100ను పొద్దున ఆఖరి దాకా తిప్పి, సాయంత్రం దాకా అలాగే పట్టుకోవచ్చు. దాని గరిష్ఠ వేగం, నిలకడ వేగం దాదాపు ఒకటే. పిల్లలు మీటరులో చదివే అంకెకూ, పెద్దలు అడిగే ప్రశ్నకూ ఒకే జవాబు చెప్పిన బండి మన రోడ్ల మీద మొదట అదే. ఆ వంశపు ఇంజనే 1994లో స్ప్లెండర్‌గా ఊరూరికీ చేరింది. కాలుష్య నిబంధనలు బిగిశాక టూస్ట్రోక్‌లు ఒక్కొక్కటీ తప్పుకున్నాయి. పాయింట్లు పోయి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వచ్చింది. అది ఏళ్ల తరబడి చెడదు. చెడితే మాత్రం గరుకు కాగితంతో బాగుపడదు, కొత్తది కొనాలి.

రెండు గుర్రాలు

2000 తర్వాత స్వర్ణ చతుర్భుజి నాలుగు వరుసల రోడ్డు నెల్లూరు, ఒంగోలు, విజయవాడల మీదుగా వచ్చింది. ఎం1 అక్కడ పెట్టిన పరీక్షే నలభై ఏళ్ల తర్వాత ఇక్కడి పాత బుల్లెట్లకూ ఎదురైంది. రోడ్డు ఇక ఆపదు, ఇంజను తనను తానే కాచుకోవాలి.

2008, 2009ల్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజనునూ గేర్‌బాక్సునూ ఒకే పొట్టలో పెట్టిన కొత్త ఇంజను తెచ్చింది. తోపు అదే 90 మిల్లీమీటర్లు, సీసీలు అవే 346. శక్తి 19.8 హార్స్‌పవర్. అంటే అర్ధ శతాబ్దం తర్వాత చేరింది రెండు గుర్రాలు కూడా కాదు, గరిష్ఠ వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మారింది లోపలి సంగతి. చమురు ఎక్కువగా పారింది. టప్పెట్లు తమంతట తామే సర్దుకున్నాయి. కంపెనీ శ్రమ అంతా ఆ చివరి ముప్పై కిలోమీటర్లను భయం లేకుండా వాడుకునేలా చేయడానికే పోయింది.

ఇప్పుడు హైవే మీద పాత బుల్లెట్ల మీద పోయేవారిని, కొత్త బండ్ల మీద పోయే అదే వయసువారిని గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. ఇద్దరూ గంటకోసారి టీ కొట్టు దగ్గర ఆగుతారు. కొత్త బండికి ఆ అవసరం లేదు. దిగాక మనిషి చెయ్యి మాత్రం అలవాటుగా ఇంజను రెక్కల మీదికి పోతుంది, వేడి ఎంతుందో చూడడానికి. టీ కోసం ఆగుతున్నామనుకున్నాం ఇన్నాళ్లూ. మనల్ని ఆపింది ఇంజను.