ట్రస్టీ స్మైలీల నుంచి ఫార్వార్డ్ బటన్ దాకా

ఆర్కుట్ గుర్తుందా? నాకైతే అన్నయ్య వెనకాల నిలబడి ఇంటర్నెట్ సెంటర్లో చూసిన గుర్తు. గంటకి పదిహేను రూపాయలు, అందులో సగం సేపు ఎవరు స్క్రాప్ పెట్టారో చూసుకోడానికే సరిపోయేది. ఆ ప్రొఫైల్ పేజీలో పేరు కింద మూడు వరసలుండేవి. కూల్ అయితే ఐసు ముక్కలు, సెక్సీ అయితే గుండె బొమ్మలు, ట్రస్టీ అయితే స్మైలీలు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ మూడో వరస నాకు భలే వింతగా అనిపిస్తుంది. 2004 జనవరిలో ఆర్కుట్ బుయుక్కోక్టెన్ అనే గూగుల్ ఇంజనీరు తన పేరే పెట్టి ఆ సైటు మొదలెట్టినప్పుడు, "ఈ మనిషిని ఎంత నమ్మొచ్చు" అనేది ప్రొఫైల్లో చూపించాల్సిన సంగతి అని అనుకున్నాడన్న మాట. ఆ తర్వాత వచ్చిన పెద్ద పెద్ద సైట్లలో ఆ వరస ఎక్కడా లేదు. లైకులున్నాయి, వ్యూస్ ఉన్నాయి, ఫాలోవర్లున్నారు. నమ్మకం మాత్రం మాయమైపోయింది.

అది ఎక్కడ మాయమైందో వెతుకుదామనే ఈ టపా. ముందే చెప్తున్నా, "పాత రోజులు బంగారం" అని పాడటానికి కాదు. ఆర్కుట్ స్మైలీలకి అసలు విలువే లేదు. మనవాళ్ళందరూ మనకి మూడేసి స్మైలీలు ఇచ్చేవాళ్ళు, మనమూ తిరిగి ఇచ్చేవాళ్ళం. పెళ్ళిలో చదివింపుల్లాగా. ఈబేలోనూ ఇదే కథ. 1996లో కొనేవాడు అమ్మేవాడికి, అమ్మేవాడు కొనేవాడికి మార్కులు వేసుకునే పద్ధతి పెట్టారు. నేను నీకు చెడ్డ మార్కు వేస్తే నువ్వూ నాకు వేస్తావేమో అన్న భయంతో అందరూ మంచి మార్కులే వేసుకున్నారు. చివరికి 2008లో అమ్మేవాళ్ళు కొనేవాళ్ళకి చెడ్డ మార్కు వేయడానికి లేదని రూలు మార్చాల్సొచ్చింది.

అంతకంటే గట్టిగా ఆలోచించినవాళ్ళు ముందే ఉన్నారు. 1991లో ఫిల్ జిమ్మర్మన్ పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం విడుదల చేశాడు. అందులో వచ్చిన చిక్కేంటంటే, "ఇది ఫలానా సుబ్బారావు తాళం" అని ఒక ఫైలు దొరికితే అది నిజంగా సుబ్బారావుదేనా అని ఎలా తెలుస్తుంది? ప్రభుత్వమో పెద్ద కంపెనీయో ముద్ర వేయాలనలేదు జిమ్మర్మన్. నీకు తెలిసినవాళ్ళు సంతకం పెడతారు, వాళ్ళని తెలిసినవాళ్ళు వాళ్ళకి పెడతారు, అలా అల్లుకుపోతుందన్నాడు. జనం నిజంగానే ఒకచోట కలుసుకుని, గుర్తింపు కార్డులు చూసుకుని సంతకాలు పెట్టుకునేవాళ్ళు.

నాకు ఇందులో నచ్చిన ముక్క వేరే ఉంది. పీజీపీ రెండు ప్రశ్నల్ని విడివిడిగా అడిగేది. ఒకటి: ఈ తాళం ఇతనిదేనా? రెండు: ఇతను ఇంకొకరి గురించి ఇచ్చే హామీని నేను ఒప్పుకోవచ్చా? రెండూ ఒకటి కాదు! మా బాబాయ్ మంచి మనిషి, ఆయన మా బాబాయే, అందులో డౌటే లేదు. అలాగని ఆయన "వీడు నాకు బాగా తెలుసురా" అన్న ప్రతివాడికీ నేను అప్పు ఇస్తానా? ఇవ్వను. జీఎన్‌యూ పీజీలో ఈ పద్ధతి ఇంకా అలాగే ఉంది. పూర్తిగా నమ్మేవాడి సంతకం ఒక్కటి చాలు, కొంచెం కొంచెం నమ్మేవాళ్ళవైతే మూడు కావాలి. మన ఊళ్ళో సంబంధం గురించి వాకబు చేసే పద్ధతి కూడా ఇదే కదా. ఒక మేనమామ చెప్తే సరే, లేకపోతే ముగ్గుర్ని అడుగుతారు.

ఆ తర్వాత 1999లో రాఫ్ లెవీన్ అడ్వొగాటో అని ఒక సైటు పెట్టాడు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ కోసం. ఈ టపా మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైన డిజైన్ ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. అక్కడ ఒకరినొకరు సర్టిఫై చేసుకుంటారు, అప్రెంటిస్, జర్నీయర్, మాస్టర్ అని మూడు మెట్లు. ఏ మెట్టూ దక్కనివాడు అబ్జర్వర్‌గా ఉండిపోతాడు. ఇంతవరకూ మామూలే. మరి ఎవడో వెయ్యి దొంగ అకౌంట్లు తెరిచి, వాటితో ఒకదానికొకటి మాస్టర్ అని సర్టిఫికెట్లు ఇప్పించుకుంటే? ఓట్లు లెక్కపెట్టే ఏ పద్ధతైనా ఇక్కడ బోల్తా పడుతుంది.

లెవీన్ ఓట్లు లెక్కపెట్టలేదు. నమ్మకాన్ని నీళ్ళలా పారించాడు. చెరువు ఉందనుకోండి. తూము దగ్గర అతను స్వయంగా ఎంచుకున్న కొద్దిమంది తెలిసినవాళ్ళు. వాళ్ళ నుంచి వాళ్ళు సర్టిఫై చేసినవాళ్ళకి, వాళ్ళ నుంచి ఇంకొకళ్ళకి కాలువలు. తూముకి దూరమయ్యేకొద్దీ కాలువ సన్నబడుతుంది. నీళ్ళు చేరిన మడి లెక్కలోకొస్తుంది, చేరనిది రాదు. (అల్గారిథమ్స్ క్లాసులో మాక్స్ ఫ్లో అని బట్టీ పట్టి పరీక్ష రాసి మర్చిపోయామే, అదే!) ఇప్పుడు దొంగవాడు తన వెయ్యి మళ్ళ మధ్య ఎన్ని బోదెలైనా తవ్వుకోనివ్వండి. అసలు కాలువ నుంచి అతని వైపు వచ్చే పిల్లకాలువ ఒక్కటే అయితే, ఆ ఒక్క పిల్లకాలువ నీళ్ళే వస్తాయి. మోసం ఎంత పెద్దదనేది దొంగ అకౌంట్ల సంఖ్య మీద ఆధారపడదు, ఎంతమంది మంచివాళ్ళు పొరపాటున అతనికి సర్టిఫికెట్ ఇచ్చారనే దానిమీద ఆధారపడుతుంది. ఈ ముక్క మొదటిసారి అర్థమైన రోజు రాత్రి నాకు నిద్రపట్టలేదంటే నమ్మండి.

లోపాల్లేవా అంటే ఉన్నాయి. చెరువు గట్టున ఎవరు కూర్చోవాలో ఒక్క మనిషి నిర్ణయించాడు. కొత్తగా వచ్చి ఎవరూ తెలియనివాడు ఎంత బాగా కోడ్ రాసినా చివరి ఆయకట్టు రైతే. పీజీపీ గతి ఇంకా అన్యాయం. 2019 జూన్‌లో ఎవరో ఇద్దరు పాత డెవలపర్ల తాళాలకి లక్షకి పైగా చెత్త సంతకాలు తగిలించి పబ్లిక్ సర్వర్లలోకి ఎక్కించారు. ఆ తాళాన్ని దిగుమతి చేసుకుంటే ప్రోగ్రామే పడిపోయేంత బరువు. నమ్మకానికి గుర్తుగా పెట్టిన సంతకమే ఆయుధమైంది.

స్లాష్‌డాట్ వాళ్ళు ఇంకో దారిలో వెళ్ళారు. వ్యాఖ్యలకి మార్కులు వేసే హక్కు అందరికీ ఎప్పుడూ ఉండదు. క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళలో కొందరికి అప్పుడప్పుడు కొన్ని పాయింట్లు ఇస్తారు, మూడ్రోజుల్లో వాడకపోతే పోతాయి. నువ్వు మాట్లాడిన చర్చలో నువ్వు మార్కులు వేయకూడదు. వేసిన మార్కులు సరైనవో కాదో మళ్ళీ ఇంకొకళ్ళు చూస్తారు. అక్కడ మనిషికి కర్మ అని ఒక అంకె ఉండేది. జనం దాన్ని వీడియో గేమ్ స్కోరులా పెంచుకోవడం మొదలెడితే, వాళ్ళు అంకె తీసేసి "ఎక్సలెంట్", "గుడ్" లాంటి మాటలు పెట్టేశారు. ఎంగేజ్‌మెంట్ పెరుగుతున్న అంకెని చేతులారా దాచేసిన సైటు! ఇవాళ ఏ ప్రాడక్ట్ మేనేజరైనా ఒప్పుకుంటాడా?

సరే, మాయమైన చోటుకి వద్దాం. 2004లో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు అదీ ఒక రకంగా నమ్మకం మీద కట్టిందే. కాలేజీ ఈమెయిల్ లేకపోతే లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. నా లెక్కలో మలుపు 2006 సెప్టెంబర్ 5. ఆ రోజు న్యూస్ ఫీడ్ వచ్చింది. ఆ సంగతి ప్రకటించింది రుచీ సంఘ్వీ అనే మన పూణే అమ్మాయి, అక్కడ ఇంజనీరు. జనం భగ్గుమన్నారు. లక్షలమంది నిరసన గ్రూపుల్లో చేరారు, జుకర్‌బర్గ్ క్షమాపణ చెప్పి ప్రైవసీ సెట్టింగులు కలిపాడు. కానీ లోపల గ్రాఫులు చూసుకుంటే వాడకం తగ్గలేదు, పెరిగింది. అసలు ఆ నిరసన గ్రూపులు అంత వేగంగా పాకిందే న్యూస్ ఫీడ్ వల్ల! జనం నోటితో చెప్పేది వేరు, వేలితో చెప్పేది వేరు, మనం వేలినే వినాలి అనే పాఠం మన పరిశ్రమ ఆ వారంలో నేర్చుకుందని నేననుకుంటాను. 2009 ఫిబ్రవరిలో లైక్ బటన్, అదే ఏడాది నవంబర్లో ట్విట్టర్లో రీట్వీట్ బటన్ వచ్చాయి. ఇక వేలికి తిరుగులేదు.

దీన్ని దురాశ అని కొట్టిపారేయడం తేలిక. లోపల పనిచేసినవాడిగా నాకు తెలిసిన కారణం ఇంకా చిన్నది, ఇంకా సిగ్గుపడాల్సింది. క్లిక్కు మధ్యాహ్నానికల్లా కొలవొచ్చు. నమ్మకం కొలవాలంటే నెలలు పడుతుంది. అంతే. ఇంతకుముందు ఒక కంపెనీలో నేను నోటిఫికేషన్ టీములో ఉండేవాణ్ణి. పూర్తి వాక్యం బదులు "మీ స్నేహితులు ఏదో పోస్ట్ చేశారు" అని సగంలో ఆపేసే నోటిఫికేషన్ తయారుచేశాం. రెండు వారాల టెస్టులో క్లిక్కులు పెరిగాయి, లాంచ్ చేశాం, టీముకి బిర్యానీ పార్టీ. నాలుగు నెలల తర్వాత ఇంటికెళ్తే అమ్మ ఆ యాప్ నోటిఫికేషన్లన్నీ కట్టేసుకుని కనిపించింది. "ఊరికే పిలుస్తుందిరా, తీరా వెళ్తే ఏమీ ఉండదు" అంది. నాన్నా పులి కథ. పులి రాలేదని పోయిన నమ్మకం రెండు వారాల టెస్టులో కనపడదు.

ఫేస్‌బుక్‌లో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. 2017 నుంచి కోపం బొమ్మతో సహా ఎమోజీ రియాక్షన్లకి మామూలు లైకు కంటే అయిదు రెట్లు విలువ ఇచ్చారని 2021లో బయటపడ్డ లోపలి కాగితాలు చెప్పాయి. కోపం విలువని సున్నా చేసింది 2020 సెప్టెంబర్లో. వాళ్ళ దగ్గర వార్తా సంస్థల నాణ్యతకి ఇచ్చే స్కోరు కూడా ఉంది. 2020 నవంబర్ అమెరికా ఎన్నికల తర్వాత కొన్నాళ్ళు దాని విలువ పెంచారు, తర్వాత మళ్ళీ తగ్గించేశారు. అంటే కొలబద్ద లేక కాదు.

ఇక్కడితో ఆపేస్తే కథ శుభ్రంగా ఉంటుంది: ఎంగేజ్‌మెంట్ చెడ్డది, నమ్మకం మంచిది. కానీ వాట్సప్ సంగతేంటి? అందులో ఫీడ్ లేదు, లైకుల ర్యాంకింగ్ లేదు. మెసేజ్ పంపేది మనకి తెలిసినవాళ్ళే. అయినా 2018లో ఏం జరిగిందో మనందరికీ తెలుసు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న మెసేజ్‌లు దేశమంతా తిరిగాయి. మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని గుంపు కొట్టి చంపింది. జులై 1న ధూలే జిల్లా రైన్‌పాడాలో అయిదుగురిని. జులై 13న బీదర్ జిల్లాలో హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. స్నేహితులతో కలిసి వెళ్ళాడు, దారిలో పిల్లలకి చాకొలెట్లు ఇచ్చారు. అనుమానంతో జనం ఎగబడితే కారులో తప్పించుకున్నారు, కానీ వాళ్ళ కంటే ముందు వాట్సప్ మెసేజ్ తర్వాతి ఊరికి చేరిపోయింది. అక్కడ దారి మూసేశారు. ఆ వార్త చదివిన వారం ఆఫీసులో ఎవరం గట్టిగా మాట్లాడుకోలేదు.

పీజీపీ విడదీసిన రెండు ప్రశ్నల్ని ఇక్కడ కలిపేశారు. పంపింది మా బాబాయే, అది నిజం. కాబట్టి అందులో ఉన్నదీ నిజం. బాబాయికి ఎవరు పంపారు, వాళ్ళకి ఎవరు పంపారు అనే వరస మొత్తం చెరిగిపోయి, చివరికి బాబాయి ముఖం ఒక్కటే కనపడుతుంది. నమ్మకం లేకపోవడం కాదు అక్కడి లోపం. ఊరూపేరూ లేని మెసేజ్‌కి మనవాళ్ళ నమ్మకం ఉచితంగా అంటుకుంది. "ఫార్వార్డెడ్" అనే చిన్న లేబుల్ వచ్చింది 2018 జులై 10న. బీదర్ ఘటనకి మూడ్రోజుల ముందు. ఆ నెలలోనే మన దేశంలో ఫార్వార్డుని అయిదు చాట్లకి కుదించారు, ఫోటోల పక్కనుండే షార్ట్‌కట్ బటన్ తీసేశారు. 2020 ఏప్రిల్లో, చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే అన్నారు. అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని వాట్సప్పే చెప్పింది. లెవీన్ సన్నబడే కాలువ, ఇరవయ్యేళ్ళ తర్వాత, అన్ని ప్రాణాలు పోయాక.

కోడ్ లేకుండా కూడా ఒకరు ఆ పని చేశారు. అదే 2018లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి, ఎండాకాలంలో జనం ఆరుబయట పడుకోవడం మానేశారని తెలిసి ఆరా తీయించారు. ఊరికో పోలీసుని కేటాయించి, వాళ్ళని ఊరి వాట్సప్ గ్రూపుల్లో చేర్పించి, పాటలు పాడేవాళ్ళతో ప్రచారం చేయించారు. మెసేజ్ వస్తే అడగడానికి ఊరికో తెలిసిన ముఖం. ఆమె పరిధిలో ఆ పుకార్లకి ఎవరూ బలికాలేదు. తూము దగ్గర మనిషిని పెట్టడం అంటే ఇదే.

ఈ మధ్య వచ్చినవాటిలో నాకు ఆసక్తిగా ఉన్నది ట్విట్టర్ 2021 జనవరిలో బర్డ్‌వాచ్ అని మొదలుపెట్టినది, ఇప్పటి కమ్యూనిటీ నోట్స్. అక్కడా ఓట్ల లెక్క కాదు. మామూలుగా ఒకరితో ఒకరు ఏకీభవించని వాళ్ళు ఇద్దరూ ఈ నోట్ పనికొస్తుందంటేనే అది బయటికి కనపడుతుంది. ఒకే గూటి పక్షులు వెయ్యి ఓట్లేసినా లాభం లేదు. కోడ్ బయటే ఉంది, చదువుకోవచ్చు. కాకపోతే రాసిన నోట్లలో ఎక్కువ భాగం ఎప్పటికీ కనపడవు, కనపడేవి కూడా చాలాసార్లు అబద్ధం ఊరంతా తిరిగొచ్చాక వస్తాయి. 2025 జనవరిలో మెటా కూడా అమెరికాలో బయటి ఫ్యాక్ట్ చెకర్లని ఆపేసి ఈ దారి పడతానంది. నోట్స్ ఉండటం మంచిదే, కానీ చెకర్లని తీసేసి పెట్టడం నా మటుకు నాకు నచ్చలేదు. తలుపుకి గడియ పెట్టించాం కదా అని కాపలావాణ్ణి పంపించేసినట్టుంది.

ఇప్పుడున్న ఆఫీసులో పోయిన నెల నేనొక ప్రతిపాదన పెట్టాను. ఏ కొత్త నోటిఫికేషనైనా లాంచ్ చేశాక, 90 రోజులకి ఎంతమంది నోటిఫికేషన్లు పూర్తిగా కట్టేసుకున్నారో కూడా చూద్దాం, పెరిగితే వెనక్కి తీసుకుందాం అని. మా మేనేజర్ మంచివాడే, వెంటనే ఒప్పుకున్నాడు. నిన్న పొద్దున రివ్యూలో, "మరి రెండు వారాలైంది కదా, ఆ నీ అంకె ఏమంటోంది?" అని అడిగాడు. ఇంకా 76 రోజులుందండీ అన్నాను.