సికింద్రాబాద్ బ్రిగేడ్‌కు విక్టోరియా క్రాస్ తెచ్చిన ఫ్రాంక్ డి పాస్

సికింద్రాబాద్: మొదటి ప్రపంచ యుద్ధంలో సికింద్రాబాద్ పేరును ఫ్రాన్స్ రణరంగానికి మోసుకెళ్లిన అశ్విక దళం ఒకటుంది. అదే సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్. 7వ డ్రాగూన్ గార్డ్స్, 20వ దక్కన్ హార్స్, 34వ పూనా హార్స్ రెజిమెంట్లతో కూడిన ఈ బ్రిగేడ్ 1914 అక్టోబరులో ఫ్రాన్స్ చేరింది. గుర్రాలపై పోరాడేందుకు శిక్షణ పొందిన సైనికులు అక్కడ బురద కందకాల్లోకి దిగవలసి వచ్చింది. నెల తిరిగేసరికి పూనా హార్స్‌కు చెందిన లెఫ్టినెంట్ ఫ్రాంక్ డి పాస్ సాహసం విక్టోరియా క్రాస్‌కు అర్హమైంది.

ఫెస్టుబెర్ట్ పోరు

డి పాస్ 1887 ఏప్రిల్ 26న లండన్‌లో జన్మించారు. 1914 నవంబరులో ఫెస్టుబెర్ట్ గ్రామ సమీపాన జర్మన్లు తమ కందకం నుంచి భారత సేనల వైపు ఒక సన్నని కాలువ తవ్వుకుంటూ వచ్చారు. నవంబరు 24న డి పాస్ అందులోకి ప్రవేశించి, శత్రువులు బాంబులు విసురుతున్నా వెనుదీయక అడ్డుగా ఉన్న మట్టికట్టను ధ్వంసం చేశారు. అనంతరం తుపాకుల గుళ్ల వర్షంలో, బయలు ప్రదేశంలో గాయపడి పడివున్న ఒక సైనికుణ్ని కాపాడి తెచ్చారు. శత్రువు తిరిగి ఆక్రమించిన ఆ కాలువను స్వాధీనం చేసుకునే రెండో ప్రయత్నంలో నేలకొరిగారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏళ్లు. బెతూన్ పట్టణ శ్మశానవాటికలో సమాధి ఉంది. మరణానంతరం ప్రకటించిన ఈ పతకంతో, ఆ యుద్ధంలో విక్టోరియా క్రాస్ పొందిన తొలి యూదు సైనికుడిగా ఆయన చరిత్రకెక్కారు.

భారతీయులకు 1911లోనే అర్హత

భారతీయ సైనికులకు విక్టోరియా క్రాస్ అర్హత 1911లో మాత్రమే లభించింది. 1914 అక్టోబరు 31న బెల్జియంలో చూపిన తెగువకు ఖుదాదాద్ ఖాన్ దానిని అందుకున్న తొలి భారతీయుడయ్యారు.

కొనసాగిన వారసత్వం

1916 జులై 14న సోమ్ పోరులో ఇదే బ్రిగేడ్‌లోని డ్రాగూన్ గార్డ్స్, దక్కన్ హార్స్ రౌతులు బల్లేలు పట్టి హై వుడ్ వద్ద శత్రువుపైకి దూకారు. స్వాతంత్ర్యానంతరం పూనా హార్స్ భారత సైన్యంలో కొనసాగింది. 1965 యుద్ధంలో ఆ రెజిమెంటుకు నాయకత్వం వహిస్తూ అమరుడై పరమవీరచక్ర పొందిన లెఫ్టినెంట్ కర్నల్ ఏ.బి. తారాపూర్ సైనిక జీవితం హైదరాబాద్ సంస్థాన సేనలోనే మొదలైంది. 1971లో అదే రెజిమెంటుకు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌కూ మరణానంతరం పరమవీరచక్ర లభించింది.