అరవై నిమిషాల్లో 1991

ముందే చెప్పేస్తున్నా, ఇదంతా పూర్తిగా నా గోల. రాగాలూ తాళాలూ నాకు తెలీవు. పగలంతా ఎవరో రాసి వదిలేసి వెళ్ళిన కోడులో తప్పులు వెతకడం నా వృత్తి, సినిమా పాటలు వినడం నా వ్యసనం. అయినా సరే, 1991 పాటల గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే మాత్రం ఊరుకోబుద్ధి కాదు.

ఆ మధ్య లంచ్‌లో మా టీమ్ కుర్రాడొకడు "రోజా రాకముందు ఏముందండీ, అన్నీ ఒకేలా ఉండేవి కదా" అన్నాడు. రోజా తమిళంలో వచ్చింది 1992 ఆగస్టు 15న. అంటే వాడి లెక్కలో 1991 అంటే బస్సు కోసం జనం పడిగాపులు పడ్డ బస్టాండు లాంటిదన్నమాట. అక్కడికి నవ్వి ఊరుకున్నా గానీ, ఇంటికొచ్చాక కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నా. ఆ ఏడాది వచ్చిన పాటల్లో నాకు నచ్చినవి వరసలో రాద్దామని.

రాస్తుంటే గుర్తొచ్చింది, ఈ పని నాకు కొత్త కాదు. మొదటిసారి చేసింది 1991 చివర్లో, తణుకులో, మా బావతో కలిసి.

అప్పటి సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఒరిజినల్ క్యాసెట్ కొనే స్తోమత మాకు లేదు. ఉన్నా ఒక్కో సినిమాకి ఒక్కో క్యాసెట్ కొనడం శుద్ధ దండగ అని ఇంట్లో పెద్దవాళ్ళ అభిప్రాయం. అందుకని ఒక ఖాళీ క్యాసెట్ కొనుక్కుని, కావలసిన పాటలు కాగితం మీద రాసి రికార్డింగ్ షాపులో ఇచ్చేవాళ్ళం. పాటకింత అని తీసుకుని వాడు ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్. ఇటు ముప్ఫై, అటు ముప్ఫై. పాట అయిదు నిమిషాలనుకుంటే పక్కకి ఆరు. అంతే! ఇప్పుడు వెయ్యి పాటలు ఫోనులో పడేసుకుని "టాప్ టెన్" అంటారే, అది సరదా. మాకు మాత్రం అవసరం. పన్నెండు పాటలు లోపలికి, మిగతావన్నీ బయటికి. మెమరీ తక్కువున్న మెషీను మీద పనిచేసిన వాళ్ళకి నా బాధ అర్థమవుతుంది.

పైగా డబ్బులు మా బావవి. అందుకని మొదటి మాటా ఆయనదే.

"ఒరేయ్, ముందు గ్యాంగ్ లీడర్ రాయి. చిరంజీవి పాట లేకుండా మొదలెడితే ఊళ్ళో పరువు పోద్ది" అన్నాడు.

రాశాను. నాకూ అభ్యంతరం లేదులెండి.

ఇక్కడ ఆ సంవత్సరం గురించి ఒక మాట. జులై నెల ఒక్కటి తీసుకోండి. 12న కూలీ నెం.1, 18న ఆదిత్య 369, 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్. మొదటి రెండిటికీ సంగీతం ఇళయరాజా. మూడోదాని పుణ్యమాని మనమందరం ఇవాళ ఇలా ఏసీ గదుల్లో కూర్చుని పాత పాటల గురించి దెబ్బలాడుకుంటున్నాం. అప్పుడు మాత్రం మూడోది మాకెవరికీ పట్టలేదు.

అప్పటికి సినిమా పాటల రికార్డింగులు ఎక్కువగా మద్రాసులోనే జరిగేవి. ఆ ఒక్క ఊళ్ళో, ఆ ఒక్క ఏడాదిలో ఎన్ని తరాల వాళ్ళు పక్కపక్కన పనిచేశారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1940ల నుంచీ పాటలు కడుతున్న కె.వి. మహదేవన్ గారు అసెంబ్లీ రౌడీకి చేశారు. రాజా గారి సినిమాలైతే స్టువర్టుపురం పోలీస్ స్టేషన్, నిర్ణయం, చైతన్య, సూర్య ఐపీయస్, ఏప్రిల్ 1 విడుదల, పైన చెప్పిన రెండూ... ఆగకుండా చెబితేనే ఏడు. రాజ్-కోటి మంచి జోరు మీదున్నారు. బొంబాయి నుంచి బప్పీలహరి. వీళ్ళందరి వెనకాల, చక్రవర్తి గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేసి, 1990లో మనసు మమతతో సంగీత దర్శకుడైన ఒక కొత్తాయన, కీరవాణి. ఇంతమంది కట్టిన బాణీల్లో ఎక్కువ భాగం పాడింది మళ్ళీ ఆ ఇద్దరే, బాలు, చిత్ర. మా కుర్రాడికి అన్నీ ఒకేలా వినిపించడానికి కారణం అదేనేమో. గొంతులు ఒకటే, కానీ వాటి వెనకాల లోకాలు వేరు. గొంతు మారనప్పుడు బాణీలోని తేడాయే బాగా బయటపడుతుందని నేనంటాను.

సరే, జాబితా. కింద నుంచి మొదలుపెడతా.

ఏడు: నిర్ణయంలో హలో గురూ పాట. మలయాళంలో వందనం తీసిన ప్రియదర్శనే తెలుగులో మళ్ళీ తీసిన సినిమా ఇది. 2018లో ఈ పాట పల్లవి పట్టుకుని ఏకంగా ఒక సినిమాకి పేరు పెట్టారంటే దాని వయసు అర్థం చేసుకోండి. ఇంకేం చెప్పను, హుషారు.

ఆరు: రౌడీ అల్లుడులో చిలుకా క్షేమమా. డిస్కో అనే మాటకి పర్యాయపదమైన బప్పీలహరి ఇంత నెమ్మదైన, సుకుమారమైన బాణీ కట్టాడంటే మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అమ్మ అయితే రాజా గారిదే అని పందెం కాసింది. కాసి ఓడిపోయింది కూడా.

అయిదు: వాన వాన. మా బావకి ఇదే ఒకటి. మే 9న గ్యాంగ్ లీడర్ వచ్చాక ఆ వేసవంతా పెళ్ళిపందిళ్ళలో, కిళ్ళీ కొట్లలో, బస్సుల్లో ఇంకో పాట వినబడితే ఒట్టు. సింహాసనంతో 1986లోనే బప్పీ తెలుగులో అడుగుపెట్టాడు గానీ, ఆయన మోత ఊరూరా ఇంత గట్టిగా మోగింది ఈ సినిమాతోనే అని నా నమ్మకం. ముందు తాళం, తర్వాతే మిగతావన్నీ అనే పద్ధతి. తర్వాతి పాతికేళ్ళలో హీరో పాటలన్నీ ఆ దారిలోనే నడిచాయి, మంచికో చెడుకో. 1991లో నన్నడిగితే నేను కూడా దీన్నే మొదట పెట్టేవాణ్ణి. చిన్నతనం అని తోసెయ్యను, పదహారేళ్ళ వాడికి వానలో చిరంజీవి స్టెప్పుల కంటే గొప్ప సంగీతం ఏముంటుంది చెప్పండి. ఇప్పుడు అయిదు.

నాలుగు: కూలీ నెం.1 నుంచి ఏది పెట్టాలో తేలక చాలా సేపు కొట్టుకున్నా. కొత్త కొత్తగా పెట్టాలని మనసు. కానీ న్యాయంగా అయితే దండాలయ్యా పెట్టాలి. వినాయక చవితి పందిట్లో ఆ పాట మోగని సంవత్సరం నాకు గుర్తులేదు. భక్తి పాటగా పుట్టనిది, సినిమాలో ఒక సందర్భం కోసం కట్టినది, మూడు దశాబ్దాలు దాటినా మైకుసెట్టు వాడి డబ్బాలోంచి బయటికి పోలేదంటే దానికి మించిన ర్యాంకు నేనేమిస్తాను? సిరివెన్నెల గారు 2021 నవంబరులో వెళ్ళిపోయారు, ఆ పాట మాత్రం ఏటా చవితికి వస్తూనే ఉంది. (అన్నట్టు 1995లో గోవిందాతో వచ్చిన హిందీ కూలీ నెం.1కీ దీనికీ పేరు తప్ప సంబంధం లేదు. ఈ విషయం మీద నేను కాలేజీలో ఒక టీ పందెం గెలిచాను.)

మూడు: సీతారామయ్యగారి మనవరాలులో కలికి చిలకల కొలికి. ఇక్కడ కాస్త ఆగాలి.

ఈ సినిమా జనవరి 11న వచ్చింది. మనవరాలు తన మేనత్త అత్తవారింటికి వెళ్ళి, మా అత్తని పుట్టింటికి పంపమని ఆ ఇంటి పెద్దల్ని అడుగుతుంది. మాటల్లో అడిగితే గొడవయ్యే విషయం. అందుకని పాటలో అడుగుతుంది. వేటూరి గారు దీన్ని కలవారి కోడలు అని మన ఆడవాళ్ళు దంపుళ్ళప్పుడు, తీరుబడి మధ్యాహ్నాలప్పుడు పాడుకునే పాట వరసలోకి తీసుకెళ్ళారు. మా అమ్మమ్మ సినిమా పాటలంటే చెవులు మూసుకునే మనిషి. ఈ పాట వచ్చినప్పుడు మాత్రం "ఇది మా పాటేనర్రా" అంది. చిత్ర మలయాళీ అని చెబితే చాలా సేపు ఒప్పుకోలేదు.

రెండు: ఆదిత్య 369లో జాణవులే. ఇది 1991లో మా జాబితాలో లేనే లేదు! అప్పట్లో మాకు రాసలీల వేళే గొప్ప. జాణవులే "ముసలి పాట" అని బావా నేనూ ఇద్దరం కొట్టేశాం. 2025 ఏప్రిల్లో సినిమాని మళ్ళీ థియేటర్లలో వేస్తే మా అమ్మాయిని తీసుకెళ్ళా. కృష్ణదేవరాయల కొలువులో ఆ పాట మొదలవగానే "నాన్నా, ఈ గొంతెవరిది, ఇప్పటి వాళ్ళలా లేదు" అంది. బాలు, శైలజలతో పాటు అందులో పాడింది జిక్కి. 1955లో రోజులు మారాయిలో ఏరువాక పాట పాడిన జిక్కి! హాల్లో కూర్చుని లెక్కేసుకున్నా, ముప్ఫై ఆరేళ్ళ దూరం. సింగీతం గారు హీరోని పదహారో శతాబ్దానికి పంపడానికి అంత పెద్ద యంత్రం కట్టించారు గానీ, రాజా గారు పాట వినేవాళ్ళని వెనక్కి పంపడానికి ఒక్క గొంతు చాలనుకున్నారు. పదహారేళ్ళప్పుడు నేను ముసలి పాట అన్నది నిజమే. అది అలా ఉండాలనే కట్టారని అర్థం కావడానికి నాకింత కాలం పట్టింది. ఆ సినిమా కథ సింగీతం గారి దగ్గరుందని నిర్మాతకి చెప్పిందీ, సినిమా సమర్పకుడిగా పేరు వేసుకుందీ కూడా బాలు గారే. అంతా అయ్యాక లైట్లు వేస్తే హాల్లో నా వయసు వాళ్ళు చాలామంది లేవకుండా కూర్చునే ఉన్నారు.

ఇక ఒకటి. క్షణక్షణంలో జామురాతిరి.

అక్టోబరు 9న వచ్చిన సినిమా. శివకి రాజా గారితో చేయించుకున్న రామ్‌గోపాల్ వర్మ దీనికి కీరవాణి దగ్గరికి వెళ్ళాడు. ఆ ఏడాది జనవరిలో ఎడ్లబళ్ళూ, ఉమ్మడి కుటుంబాలూ ఉన్న సినిమాకి చేసిన మనిషి, అక్టోబరులో పరుగుల మీద నడిచే థ్రిల్లరుకి చేశాడు. ఆ పరుగుల మధ్య, అడవిలో, భయంతో నిద్రపట్టని అమ్మాయికి ఒక చిల్లర దొంగ పాడే జోలపాట ఇది. ప్రేమపాట కూడా కాదు ఇంకా. 2023 మార్చిలో ఆస్కారు వేదిక మీద కీరవాణి గారిని చూసి దేశమంతా నాటు నాటు అంటుంటే, నాకెందుకో ఇదే లోపల తిరిగింది.

మా క్యాసెట్లో ఇది ఎక్కడుందో తెలుసా? రెండో పక్క, చిట్టచివర. ఆరో పాట. వాన వాన మొదటే రాయించిన మా బావ, రౌడీ అల్లుడువి కూడా రెండు ఇరికించాడు. అందుకని చివరికొచ్చేసరికి టేపు చాలలేదు. మొదటి చరణం అయి, మధ్యలో సంగీతం వస్తూ ఉండగా టక్కున ఆగిపోయేది. సినిమా ఒకసారి చూశాను గానీ, నోటికొచ్చింది మాత్రం టేపులో ఉన్నంతే. ఎప్పుడు కూనిరాగం తీసినా సరిగ్గా అక్కడికొచ్చి ఆగేవాణ్ణి. అదే పాట మొత్తం అన్నట్టు అలవాటైపోయింది. ఆ క్యాసెట్ విన్న మా ఇంట్లో అందరిదీ అదే తంతు.

2001లో నేను న్యూజెర్సీలో ఉన్నాను. డాట్‌కామ్‌లు కూలిపోతున్న రోజులు. ఫలానా వారం ఫలానా ప్రాజెక్టు మూసేస్తారట అని ముందే గుసగుసలు. ఒక శుక్రవారం నన్ను పిలిచి, ఒక పెట్టె ఇచ్చి, నా సామాను సర్దుకోమన్నారు. హెచ్-1 మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఏమిటో మీలో చాలామందికి చెప్పక్కర్లేదు. ఆ రాత్రి రూమ్మేటు కంప్యూటర్లో పాటల ఫోల్డరు తెరిస్తే ఇది కనబడింది. పెట్టాను. మొదటి చరణం అయింది, మధ్య సంగీతం వచ్చింది, నా చెవి అలవాటుగా ఆగిపోయింది. పాట ఆగలేదు.

భయాలు మర్చిపొమ్మని ఆ పాటలో చెప్పేది రెండో చరణంలో. పదేళ్ళ నుంచీ నాకు వచ్చనుకున్న పాటలో నేను వినని సగం అదన్నమాట. బాలు గారు అదేదో నా మంచం పక్కన కూర్చున్నట్టు పాడేశారు. ఎన్నిసార్లు విన్నానో గుర్తులేదు. రూమ్మేటు లేచి "ఇక పడుకోవయ్యా స్వామీ" అనేదాకా. రెండు నెలల తర్వాత ఇంకో చోట పని దొరికింది, అది వేరే కథ.

కాబట్టి ఒకటో నంబరు గురించి నాతో వాదన పెట్టుకోకండి. మిగతా ఆరిటి గురించి ఎంతసేపైనా సిద్ధం. తళపతి ఏదీ అని అడగబోతున్నారు, తెలుసు. డబ్బింగు పాటలు లెక్కలోకి తీసుకోకూడదని నేనే పెట్టుకున్న నియమం, లేకపోతే రాక్కమ్మ ఒక్కటీ వచ్చి ఇంకొకదాన్ని బయటికి తోసేది. చుక్కలు తెమ్మన్నా వదిలేసినందుకు వంశీ అభిమానులు నన్ను క్షమించరని కూడా తెలుసు.

జాబితా పూర్తయ్యాక మా బావకి ఫోన్ చేశా. ఇప్పుడు తణుకులోనే ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. వరస అంతా విన్నాడు.

"గ్యాంగ్ లీడర్ అయిదా?" అన్నాడు. కాసేపు మాట్లాడలేదు.

"బావా, నువ్వు రౌడీ అల్లుడువి రెండు రాయించబట్టే కదా జామురాతిరి తెగిపోయింది" అన్నా. ముప్ఫై ఏళ్ళ పైబడ్డ కసి.

"తెగడమేంట్రా? అదంతే కదా పాట" అన్నాడు.

ఆయనకి ఇప్పటికీ తెలీదు! ఫోనులోనే రెండో చరణం పెట్టి వినిపించాను. అయ్యేదాకా చప్పుడు లేదు. తర్వాత, క్యాసెట్ ఇంకా అటక మీద ఉన్నట్టుంది, పండక్కి వచ్చేటప్పుడు హైదరాబాదులో ఎక్కడైనా టూ-ఇన్-వన్ దొరికితే పట్టుకురమ్మన్నాడు.