ధారపోసిన బొంకు

మహాబలిపురమున, సముద్రపు హోరు వినవచ్చునంత దూరమున, 7వ శతాబ్దమున పల్లవశిల్పులు దేవతలను, మునులను, నాగులను, మృగములను కిక్కిఱియ మలచిన మహాశిల యొకటి కలదు. ఒంటికాలిపై నిలిచి చేతులెత్తి తపమాచరించు పురుషుని చూడబోయినవారు కొంచెము క్రిందికి చూపు దించినచో, ఏనుగు దంతముల చెంత ఒక పిల్లి కనబడును. అదియు వెనుకకాళ్లపై నిటారుగ నిలిచి, ముంగాళ్లు తలపైకెత్తి, ఆ తాపసుని వలెనే తపము చేయుచున్నది. దాని చుట్టును ఎలుకలు నిర్భయముగ తిరుగుచున్నవి. నిజమైన తపస్సును దొంగ తపస్సును ఒకే ఱాతిపై చెక్కిన ఆ శిల్పి నవ్వు పదమూడు శతాబ్దముల ఉప్పుగాలికి అరిగిపోలేదు.

ఈ పిల్లి మనకు పాతచుట్టమే. భారతమున ఉద్యోగపర్వములో ఎలుకలను నమ్మించి భక్షించిన గంగాతీరపు మార్జాలము ఇదియే. మనుస్మృతి బైడాలవ్రతికుడని పేరుపెట్టి, అట్టివానికి మంచినీళ్లయినను ఇవ్వరాదని శాసించినది ఇట్టివానినే. తెలుగువాడు పిల్లి బదులు కొంగను పట్టుకొని, కొంగజపమను ఒక్క మాటతో ఆ పనిని చెప్పివేసెను. 11వ శతాబ్దమున కృష్ణమిశ్రుడు ప్రబోధచంద్రోదయమున దంభమునే ఒక పాత్రగా రంగస్థలము మీదికి నడిపించెను; 15వ శతాబ్దమున నంది మల్లయ, ఘంట సింగనలను జంటకవులు ఆ నాటకమును తెలుగు కావ్యముగ సంతరించిరి. అయినను ఈ కథలన్నిటను పిల్లి యొక్కటియే, ఎలుకలు మోసపోవుచుండును. ఊరంతయు పిల్లియై, ఎలుక యెవ్వరో తెలియకుండ, తరతరములు సాగిన దంభము వేఱొకటి మన తెలుగునాట నుండెను. అది అగ్రహారములలోని కన్యాశుల్కము.

పిల్లనిచ్చువారికి పెండ్లికొడుకు పక్షమువారు సొమ్మిచ్చుట మాత్రమే దంభము కాదు. తెలుగుదేశమున పెక్కు కులములలో ఓలియను పేర ఈ ఆచారము బాహాటముగ నుండెడిది. కులపెద్దల యెదుట ఇంతయని చెప్పి, అందఱును చూచుచుండగా చెల్లించెడివారు. దానిని దాచవలసిన పని యెవ్వరికిని లేకుండెను. అగ్రహారమున సంగతి వేఱు. అచ్చటి తండ్రి ఏ స్మృతిని చేతబట్టి ఇరుగుపొరుగుల ఆచారములను తూచుచుండెనో, ఆ స్మృతియే శుల్కము పుచ్చుకొన్న తండ్రిని సంతానమును అమ్ముకొన్నవాడని చెప్పినది; ధనమిచ్చి కన్యను గైకొను పెండ్లిని ఆసురమని పేర్కొని నిషేధించినది. కావున సొమ్ము పుచ్చుకొనవలెను, పుచ్చుకొనలేదనవలెను. బేరము ముందే పెరటి అరుగు మీద ముగియును. పిమ్మట పందిటిలో, మేనమామ గంపలో కూర్చుండబెట్టి తెచ్చిన పిల్లను లక్ష్మీస్వరూపముగను, పండ్లూడిన వరుని నారాయణస్వరూపముగను భావించి, తండ్రి సంకల్పము చెప్పి నీళ్లు ధారపోయును. వెల ముట్టిన వస్తువునకు దానమని పేరు! మంత్రము చెప్పు పురోహితునకు తెలియును, అక్షతలు చల్లు ముత్తైదువలకు తెలియును, విస్తళ్లు వేయు వంటబ్రాహ్మణునకును తెలియును. అందఱకు తెలిసిన రహస్యమును అందఱును కలిసి కాపాడుటయే అచ్చటి మర్యాద.

ఈ వ్యాపారమునకు మూలము కేవలము లోభమే యనుట తొందరపాటు. ఈనాము భూములు పంపకములలో చీలికలైపోయిన ఇండ్లలో, ఒక కొడుకు పెండ్లికి కావలసిన శుల్కము కూతురి శుల్కమునుండియే రావలసియుండెను. అప్పులును, కోర్టు వ్యాజ్యములును ఆ సొమ్మునకే చేయి చాచుచుండెను. భార్య పోయిన వృద్ధునకు వైదికకర్మలలో అర్హత కొఱకు మరల ఒక ధర్మపత్ని కావలెను. రజస్వల కాకమునుపే పెండ్లి కావలెనను నియమము వలన దొరకునది పసిపిల్లయే. ముసలివాడు కొన్నాళ్లకు పోవును, పిల్ల మిగులును. ఆమెను కొన్న పెండ్లిని దానమని నమ్మించిన అదే ధర్మము ఆమెకు మరల పెండ్లి లేదని చెప్పును.

విజయనగర ప్రభువు ఆనందగజపతి మహారాజు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహముల పట్టిక నొకదానిని వ్రాయించెను. గురజాడ అప్పారావు తన కన్యాశుల్కము నాటకపు పీఠికలో దాని సారము నిచ్చియున్నాడు. పట్టికకెక్కిన పెండ్లిండ్లు 1034. అందు అయిదేండ్ల వధువులు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆర్గురు, ఏడాది ప్రాయమువారు ముగ్గురు. ఆ ఏడాది బిడ్డల వెల 350 మొదలు 400 రూపాయల వఱకు పలికినది. తల్లి కడుపులోనున్న శిశువునకు సైతము ఒకప్పుడు బేరము కుదిరెడిదట. పట్టిక సమగ్రము కాదనియు, సొమ్ము పుచ్చుకొన్నామని ఒప్పుకొనుటకు సహజముగనే ఎవరికిని ఇష్టముండదనియు ఆయనయే చెప్పినాడు. లెక్కకెక్కినవారు అంతమంది యైనచో, లెక్క అడుగవచ్చినవాని యెదుట తల అడ్డముగ నూపినవా రెందఱో! మహారాజు ఈ ఆచారమును మాన్పుటకు మదరాసు శాసనసభలో బిల్లును కూడ తెచ్చెను గాని అది శాసనము కాలేదు.

సాహిత్యము శాసనముకంటె ముందే మేల్కొన్నది. కందుకూరి వీరేశలింగము వృద్ధుని పెండ్లిని గూర్చి వ్రాసిన ప్రహసనమునకు బ్రాహ్మవివాహమని పేరుపెట్టెను. ఆసురమును బ్రాహ్మమని చెలామణి చేయువారిని ఆ పేరే వెక్కిరించెను. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కము, 1909లో మిక్కిలి పెంచి తిరుగవ్రాయబడిన దాని రెండవ కూర్పు, ఇంకను లోతునకు దిగినవి. అందు కూతురిని అమ్మజూచిన అగ్నిహోత్రావధానులును, కొనజూచిన ముసలి లుబ్ధావధానులును పాతదంభమునకు ప్రతినిధులు. వారిని చూపి ఊరకున్నచో అది మంచి ప్రహసనమై నిలిచిపోయెడిది. అప్పారావు గిరీశమును పుట్టించెను. వితంతూద్ధరణమును గూర్చి ఉపన్యసించును, ఇంగ్లీషును వెదజల్లును, సంస్కర్తల మాటలన్నియు వాని నాలుక మీద నున్నవి. కాని ఆ మాటల వెనుక బాలవితంతువైన బుచ్చమ్మయు ఆమె ఆస్తియు కూడ వానికి కనబడుచున్నవి. పాతపిల్లి గంగానదీతీరమున నిలిచినది. క్రొత్తపిల్లి ఉపన్యాసవేదిక నెక్కినది. సంస్కారమే కీర్తి తెచ్చునదైన నాడు దంభమునకు అదియే కాషాయమగునని ఆయన ముందే కనిపెట్టెను.

ఈ వేషధారుల నడుమ తన వృత్తికి వేఱుపేరు పెట్టుకొననిది వేశ్యయైన మధురవాణి యొక్కతె. ఆమె వెల ఊరందఱకు తెలియును. ఆమెయు దానిని దానమనదు. నిజాయితీపరుడైన వకీలు సౌజన్యారావును గిరీశము మోసమునుండి తప్పించు సత్యము, ఆయన గడప త్రొక్కనీయని ఆ స్త్రీ నోటనే వెలువడుట నాటకమునకు ప్రాణము. ఇంతటి వాడుకభాషా రచనను గ్రాంథికమున కొనియాడుచున్న నేను ఏ గడప మీద నిలిచియున్నానో పాఠకులు గమనింపకపోరు. నాకు తెలిసినది ఈ వేషమే.

తరువాత కథ అందఱ మెఱిగినదే. 1929 నాటి శారదా చట్టము పసిపెండ్లిండ్లను నిషేధించెను. చదువులును ఉద్యోగములును వచ్చి వరుని గిరాకి పెరిగి, సొమ్ము నడచు దారి తిరుగబడెను. శుభకార్యములలో గౌరవపూర్వకముగ చదివించు కానుకకు పేరైన కట్నమను మాట వరుని వెలకు ముసుగైనది. 1961లో దానిని నిషేధించిరి. అంతట కట్నము లాంఛనములను పేర, ముచ్చటలను పేర నడవసాగెను. పెరటి అరుగు పోయినది గాని బేరము పోలేదు. నీటిధార మాత్రము నాటివలెనే పడుచున్నది.

మేనమామ ఇప్పటికిని పెండ్లికూతురిని గంపలో కూర్చుండబెట్టి మోయబోయి, బరువునకు తూలి, అందఱను నవ్వించును. ఆ 1034 పెండ్లిండ్ల పట్టికలోని ఏడాదిబిడ్డలకు ఆ గంప విశాలమై యుండును. సొమ్ము లెక్కించుకొన్నవాడు, ఇచ్చినవాడు, మంత్రము చెప్పినవాడు, అందఱును రహస్యమెఱిగినవారే. ఎఱుగనిది ఆ గంపలో నిద్రించుచున్నది.