అనుపానము

మన పల్లెలలో వైద్యుడు మాత్రను చేతిలో పెట్టగానే, రోగి ఇంటివారు మరియొక మాట తలపెట్టకమునుపే, "అనుపానమేమిటి అయ్యగారూ?" అని అడుగుట వాడుక. తేనెయో, నేయియో, అల్లపురసమో, ఏదియో యొకటి తెలిసినగాని ఆ మాత్ర వారి దృష్టిలో పూర్తి మందు కాదు. ఇందుచేత మన వైద్యులకు నేటి రసాయనశాస్త్రము ముందే తెలియునని వాదించుట నా ఉద్దేశము కాదు. ఆ ప్రశ్న మంచి ప్రశ్న యని మాత్రమే నా మనవి. ఆధునిక వైద్యచరిత్రలను చదువునప్పుడు మందును కనుగొన్నవారి పేరు వెలుగులోను, దానిని దేహములోనికి క్షేమముగా చేర్చు వాహనమును కూర్చినవారి పేరు చీకటిలోను ఉండుట నాకు ఎల్లప్పుడు వెలితిగా తోచును. ఆంఫోటెరిసిన్ బి అను నొక్క మందు కథ చాలును, ఆ వెలితి యెంతటిదో తెలియుటకు.

దక్షిణ అమెరికాలో, వెనెజువేలా దేశపు ఓరినోకో నదీప్రాంతమునుండి తెచ్చిన మట్టిలో దొరకిన యొక సూక్ష్మజీవినుండి, 1950ల నడుమ అమెరికాలోని స్క్విబ్ సంస్థ పరిశోధకులు రెండు పదార్థములను వేరుచేసిరి. అందు మొదటిది బలహీనము. రెండవది, దేహాంతర్భాగములకు ప్రాకి మరణమునకే దారితీయు శిలీంధ్రవ్యాధులను సైతము అణచగలదని తేలెను. ఆమ్లగుణమును క్షారగుణమును రెండును గలది కనుక ఆ అర్థము వచ్చు గ్రీకు మాటతో దానికి పేరు పెట్టిరి. అయితే అది మంచినీటిలో కరగదు. నోట మ్రింగినచో ప్రేగులనుండి రక్తములోనికి ఎక్కదు. మందు చేతనుండియు, రోగి ఎదుటనుండియు, నడుమ త్రోవ లేకపోయెను.

త్రోవ చూపినది పిత్తరసము. మనము తిన్న నేతిని నూనెను ప్రేగులలోని నీటితో పొందుపరచునవి పిత్తలవణములు. సబ్బు అణువునకు వలెనే వాని అణువునకును ఒక వైపు నీటిపై మక్కువ, వేరొక వైపు కొవ్వుపై మక్కువ. వానిలో నొకటియగు సోడియం డీఆక్సికోలేట్‌తో కూర్చినప్పుడు ఆ మొండిమందు అతిసూక్ష్మమైన గుంపులుగా నీటిలో నిలిచి, 1950ల చివరకు ఫంగిజోన్ అను పేర సిరలోనికి ఎక్కించుటకు యోగ్యమయ్యెను. పసుపువన్నెగల ఆ మందును గ్లూకోజు నీటిలోనే కలుపవలెను. ఉప్పు కలిసిన సెలైను తగిలినచో పాలవలె విరిగిపోవును. గంటల తరబడి చుక్కచుక్కగా దిగుచుండ, రోగి చలిజ్వరముతో గడగడ వణకెడివాడు. దినములు గడచినకొలది మూత్రపిండములు దెబ్బతినెడివి, రక్తములోని పొటాషియం తరిగిపోయెడిది. శిలీంధ్రపు కణత్వచములో ఈ మందు పట్టుకొను ఎర్గోస్టెరాల్ కలదు. మన కణత్వచములో కొలెస్టరాల్ కలదు. అవి రెండును తోబుట్టువులవంటివి. మందు ఆ పోలికకు కొంత మోసపోయెడిది. ఆంగ్లము మాటాడు వైద్యులు దాని పేరులోనే "టెరిబుల్" అను మాటను చేర్చి పిలిచిరి. అయినను ప్రాణము నిలుపుటకు దశాబ్దములపాటు దానినే ఆశ్రయించిరి.

ఇట్లుండగా ఇంగ్లండులో, కేంబ్రిడ్జికి చేరువనున్న బాబ్రహామ్ పరిశోధనాలయమున ఆలెక్ బాంగమ్ అను శాస్త్రజ్ఞుడు, మందుల తలంపే లేక, కోడిగ్రుడ్డు సొనలోని లెసిథిన్‌ను నీటిలో కలిపి చూచుచుండెను. లెసిథిన్ అను పేరే గ్రీకుభాషలో పచ్చసొనకు గల పేరునుండి పుట్టినది. 1961 ప్రాంతమున అచటికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రాగా, హోర్న్ అను సహచరునితో కలిసి దాని క్రింద పరీక్షింపగా, ఆ కొవ్వు తనంతతానే ఉల్లిపొరలవలె పొరపై పొరగా ముడుచుకొని, లోపల నీటిని పట్టి ఉంచుకొన్న గోళములై కానవచ్చెను. 1964లో వారు ప్రకటించిన వ్యాసము, సబ్బుజాతి పదార్థములు ఆ పొరలను ఎట్లు మార్చునో తెలుపునది. బాంగమ్‌కు కావలసినది సజీవకణపు త్వచమునకొక నమూనా మాత్రమే. తరువాత లైపోసోములను పేరు వాడుకకు వచ్చెను. 1971 నాటికి లండనులో గ్రెగోరియాడిస్, రైమన్ అనువారు ఒక ఎంజైమును ఆ గోళములలో నింపి ఎలుకల దేహములోనికి పంపి చూచిరి. సొనలో పుట్టిన నమూనా అప్పటికి వాహనమయ్యెను.

ఆంఫోటెరిసిన్‌కును ఈ గోళములకును చక్కని పొత్తు కుదిరెను. కొవ్వును కోరు మందు కావున అది గోళము నడిమి నీటిలో గాక గోడలోనే ఒదిగి కూర్చుండును. 1980లలో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున లోపెజ్-బెరెస్టీన్ మొదలగువారు దానిని రోగుల కిచ్చి చూచిరి. 1990లో ఐరోపాలోను, 1997లో అమెరికాలోను నూరు నానోమీటర్లకు లోబడిన గోళములతో చేసిన మందుకు అనుమతి లభించెను. పాత మందును దేహపు బరువులో కిలోకు ఒక మిల్లీగ్రాము మించి ఇచ్చుటకే వైద్యుడు వెనుదీసెడివాడు. క్రొత్త రూపమున మూడు మొదలు ఐదు మిల్లీగ్రాముల వరకు ఇయ్యగలిగెను. అణువు అదియే, మారినది వాహనము.

ఈ మార్పు ఫలము మన దేశమునకు, శిలీంధ్రవ్యాధి కాకున్నను ఈ మందునకే లొంగు కాలా అజార్ అను వ్యాధి విషయమున కానవచ్చినది. ఆ వ్యాధిక్రిమిని 1903లో మదరాసు ఆసుపత్రిలో డోనవన్ అను వైద్యుడు చూచెను; కాని అది బీదల గుడిసెలను పీడించినది ముఖ్యముగా బీహారులో. అచట పాత ఆంఫోటెరిసిన్‌ను దినము విడిచి దినము పదునైదు మారులు, అనగా నెలపాటు, ఎక్కించెడివారు. కూలి మానుకొని నెల దినములు ఆసుపత్రిలో పడియుండుట ఆ కుటుంబమునకు వేరొక వ్యాధివంటిది. సుందర్ అను వైద్యుడును సహచరులును 2010లో ప్రకటించిన పరిశోధనలో, లైపోసోముల మందును కిలోకు పది మిల్లీగ్రాముల చొప్పున ఒక్కమారు ఇయ్యగా ఆరునెలల పిమ్మట నూటికి 95.7 మంది స్వస్థులై యుండిరి. పదునైదు మారులు పాతమందు పొందినవారిలో ఆ సంఖ్య 96.3. ఆ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన చూచినప్పుడెల్ల, నెలనాళ్ళ కూలి దక్కిన ఆ కుటుంబములే నాకు కన్నుల గట్టును.

మన ఇండ్లకు ఈ మందు పేరు చేరినది 2021 వేసవిలో, కరోనా వెంట బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు. హైదరాబాదులో కోఠిలోని ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రిని ఆ వ్యాధికి ప్రధానకేంద్రముగా నిర్ణయించిరి. మందు మాత్రము దేశమంతటను కొరవడెను. దొరకనిచోట వైద్యులు మరల పిత్తలవణపు పాతమందునే చేతబట్టి, మూత్రపిండములను కనిపెట్టుచు ఎక్కించిరి. కిలోకు ఐదు మిల్లీగ్రాముల లెక్కన అరువది కిలోల మనిషికి దినమునకు మూడువందల మిల్లీగ్రాములు, అనగా ఏబది మిల్లీగ్రాముల సీసాలు ఆరు, అదియును వారములపాటు. చీటీ చేతబట్టుకొని దుకాణము వెంబడి దుకాణము తిరిగిన తండ్రులు, అన్నదమ్ములు, మందు పేరు చెప్పి ఊరకుండలేదు. "లైపోసోముల దేనా అండీ?" అని అడిగిరి.