సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?

కోరుకొండలో స్లాబ్ వేసే మేస్త్రిని అడగండి, లెక్కంతా రోజుల్లోనే చెప్తాడు. ఇన్నాళ్ళు మడులు కట్టి నీళ్ళు నిలపాలి, ఇన్నాళ్ళకి సెంట్రింగ్ విప్పాలి. ఐఎస్ 456 (2000) కూడా మేస్త్రిలాగే మాట్లాడుతుంది: నాలుగున్నర మీటర్ల లోపు స్లాబ్ కింద పోట్లు 7 రోజులు, అంతకు మించితే 14. కాకపోతే ఒక షరతు ఉంది. వాతావరణం 15 డిగ్రీలకు తగ్గకూడదు. నన్ను ఆపింది ఆ షరతే.

కాంక్రీటు ఆరి గట్టిపడదు. సిమెంటూ నీళ్ళూ కలిసి జరిగే రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. వెచ్చగా ఉంటే ఆ చర్య పరిగెడుతుంది, చల్లబడితే మందగిస్తుంది. 1847-52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పుడు వాడింది సున్నం. దానిది నెలల తీరిక. ఈ తొందర అంతా పోర్ట్‌లాండ్ సిమెంటుతో వచ్చిందే.

1949లో నర్స్, 1951లో సాల్ అనే ఇంగ్లండు పరిశోధకులు, ఆవిరితో కాంక్రీటును త్వరగా గట్టిపరిచే పద్ధతులు చూస్తూ, వయసును వేడితో గుణించారు. సాల్ సూత్రం చాలా చిన్నది: ఉష్ణోగ్రతకి 10 కలిపి, గంటలతో గుణించడమే. 30 డిగ్రీల దగ్గర మూడు రోజులుంటే 2,880. అదే కాంక్రీటు 15 డిగ్రీల దగ్గర అక్కడికి చేరాలంటే దాదాపు ఐదు రోజులు కావాలి. క్యాలెండరుకి ఈ తేడా తెలీదు.

తెలియకపోతే ఏమవుతుందో 1978 ఏప్రిల్ 27న తెలిసింది. అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలోని విల్లో ఐలండ్‌లో ఒక కూలింగ్ టవర్ కడుతున్నారు. మనుషులు నిలబడే పరంజాని కింది వరస కాంక్రీటుకే బిగించేవారు. ఆ వరస వయసు ఒక్క రోజు, అదీ చలిలో. బరువు మోసేంత గట్టిపడిందో లేదో పరీక్షించకుండానే పైవరస మొదలుపెట్టారు. 51 మంది చనిపోయారు. దర్యాప్తు చేసిన నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్ కాంక్రీటుకి తగినంత బలం రాలేదని తేల్చింది. ఆ తర్వాత ఆ సంస్థ చేసిన పరిశోధనలు సాల్ లెక్కను మళ్ళీ ముందుకు తెచ్చాయి. 1987లో అది ఏఎస్‌టీఎం సీ1074 అనే ప్రమాణమైంది. ఇవాళ ఊచలకి కట్టి పోతలో వదిలేసే సెన్సర్లు, ఫోన్లో కనిపించే గీతలు ఆ ప్రమాణం పిల్లలే.

అయితే సెన్సర్ బలాన్ని కొలవదు, వేడిని కొలుస్తుంది. అదే మిశ్రమంతో ముందే క్యూబులు పోసి, వేర్వేరు రోజుల్లో పగలగొట్టి తయారుచేసుకున్న పట్టికలోంచి బలాన్ని ఊహిస్తుంది. ఎవరైనా మిక్సర్లో రెండు బకెట్ల నీళ్ళు ఎక్కువ పోస్తే దానికి తెలీదు. గీత మాత్రం అందంగా పైకి వెళ్తూనే ఉంటుంది! (మా సాఫ్ట్‌వేర్‌లోనూ ఇంతే, డ్యాష్‌బోర్డు పచ్చగా ఉన్నంతసేపూ ఎవరూ లోపలికి చూడరు.)

గోదావరికి ఎగువన పోలవరంలో సమస్య తలకిందులు. అంత లావు పోతలో పుట్టిన వేడి బయటికి పోలేదు, పగుళ్ళు తెస్తుంది. అందుకే ఐసు కలుపుతారు. 1930ల్లో హూవర్ డ్యామ్‌లో థర్మామీటర్లు పాతిపెట్టిందీ ఇందుకే. 2019 జనవరిలో పోలవరం స్పిల్‌వే ఛానెల్‌లో 24 గంటల్లో 32,315.5 ఘనపు మీటర్లు పోసి గిన్నిస్ రికార్డు కొట్టారు. పేపర్లన్నీ ఆ అంకె వేశాయి. ఆ వారమంతా లోపలి ఉష్ణోగ్రత ఎలా నడిచిందో చూడాలని నాకుంది.

ఇంటి స్లాబ్‌కి ఇదంతా అక్కర్లేదు. పోత రోజున అదే కాంక్రీటుతో నాలుగు క్యూబులు ఎక్కువ పోసి, తొట్టిలో కాకుండా స్లాబ్ మీదే, అదే ఎండలో, అదే తడిలో ఉంచి, సెంట్రింగ్ విప్పే ముందు పగలగొట్టిస్తే చాలు.